మీకు తెలుసా? ఆవిరి గొట్టం పాలను పీల్చుకుంటుంది!

ఎస్ప్రెస్సో మెషిన్‌లో పాలకు నురగ తెప్పించే గొట్టం ఆవిరిని చిమ్మడమే కాదు, పాలను లోపలికి పీల్చుకుంటుంది కూడా. వాల్వ్ కట్టగానే గొట్టంలో మిగిలిన ఆవిరి చల్లబడి నీరవుతుంది. దాంతో అక్కడ పీడనం పడిపోయి, కొన మునిగి ఉన్న పాలు పైకి ఎగబాకుతాయి. అవి లోపలే ఎండి అట్టకడితే రంధ్రాలు పూడుకుపోతాయి, సూక్ష్మజీవులూ చేరతాయి. అందుకే నురగ తీసిన ప్రతిసారీ, ఆలస్యం చేయకుండా తడిగుడ్డతో తుడిచి, ఒకట్రెండు క్షణాలు ఆవిరిని వదలాల్సిందే. తర్వాత చూద్దాంలే అనుకుంటే ఆ పొర ఓ పట్టాన ఊడదు.

ఆవిరి బాయిలర్‌లో మరో ఇబ్బంది. నీరు ఆవిరైపోతుంది గానీ లవణాలు అక్కడే మిగిలి చిక్కబడతాయి. వేడినీళ్లూ అదే బాయిలర్ నుంచి వచ్చే మెషిన్లలో రోజూ కాసిన్ని నీళ్లు వదిలేస్తే, వాటి స్థానంలో కొత్త నీరు చేరుతుంది.