ఆగడం తెలిసిన సర్జన్

1963 మార్చి 1న అమెరికాలోని డెన్వర్ నగరంలో ఒక మూడేళ్ల పిల్లవాడిని ఆపరేషన్ బల్ల మీదికి చేర్చారు. పుట్టుకతోనే పైత్యనాళాలు మూసుకుపోయిన బిడ్డ. కాలేయంలో ఊరిన పైత్యరసం పేగులోకి దిగే దారి లేక, ఊరిన చోటే నిలవుండి కాలేయాన్ని తినేస్తూ వచ్చింది. అంతకుముందు జరిగిన ఆపరేషన్ల వల్ల కడుపులో ఎక్కడికక్కడ అతుకులు, ఆ అతుకుల నిండా ఉబ్బిన రక్తనాళాలు. కత్తి ఆనిన చోటల్లా నెత్తురే. చివరికి ఆ నెత్తురు గడ్డకట్టడం కూడా మానేసింది. కొత్త కాలేయం అమర్చడం పూర్తికాకముందే బిడ్డ చనిపోయాడు. మనిషికి కాలేయం మార్చాలని ప్రపంచంలో జరిగిన మొదటి ప్రయత్నం ఇది. చేసిన సర్జన్ థామస్ స్టార్జల్‌కి అప్పటికి 36 ఏళ్లు. కాలేయ మార్పిడికి ఆద్యుడని ఇవాళ ఆయనకు పేరు. ఆ మాట అనేవాళ్లు చాలామంది ఆయన హస్తవాసిని తలచుకుని అంటారు. ఆయన వృత్తి జీవితాన్ని మొదటి నుంచి చూసుకుంటూ వస్తే మాత్రం కనిపించేది వేరు. ఈ వైద్యాన్ని నిలబెట్టినవి ఆయన కత్తి కంటే ఆయన లెక్కలు. పోయిన ప్రతి రోగీ ఎందుకు పోయాడో పట్టుబట్టి వెతకడం, దొరికింది దాచకుండా అచ్చువేయడం, కారణం తెలిసేదాకా కత్తి పక్కన పెట్టడం.

కాలేయం ఎందుకంత మొండి అవయవమో ముందు చూడాలి. కిడ్నీ చెడితే డయాలిసిస్ మిషన్ ఉంది, రోగిని కొన్నాళ్లు నిలబెడుతుంది. కాలేయానికి అలాంటి ఆసరా లేదు. తీసేసిన కాలేయం స్థానంలో పెట్టిన కొత్తది ఆ పూటే పనిలోకి దిగాలి. పైగా కాళ్ల నుంచి, నడుము నుంచి గుండెకు రక్తాన్ని మోసుకెళ్లే పెద్ద సిర కాలేయాన్ని ఆనుకునే వెళ్తుంది. పాత కాలేయాన్ని కోసి తీస్తుంటే ఆ దారి మూతపడుతుంది. కుక్కల మీద ఏళ్ల తరబడి సాధన చేసిన స్టార్జల్, ఆ కాసేపూ రక్తాన్ని ప్లాస్టిక్ గొట్టాల గుండా చుట్టుతిప్పి గుండె వైపు పంపేవారు. గొట్టాలు లేకపోతే కుక్క బల్ల మీదే చనిపోయేది. అదే పద్ధతి మనుషులకూ వాడారు. మొదటి బిడ్డ రక్తస్రావంతో పోయాడు కనుక, తర్వాతి వాళ్లకు రక్తం గడ్డకట్టడానికి మందులు ఇచ్చారు. రక్తం గడ్డకట్టింది, కానీ ఆ గొట్టాల్లో. గడ్డలు అక్కడి నుంచి జారి ఊపిరితిత్తులకు చేరాయి. మొదటి పొరపాటును దిద్దబోతే రెండోది పుట్టింది. విచిత్రమేమిటంటే, దీర్ఘకాలం కాలేయ జబ్బుతో ఉన్న మనిషి శరీరం రక్తానికి పక్కదారులు ముందే వేసుకుని ఉంటుంది. చాలామందికి అసలా గొట్టాలే అక్కర్లేదని తర్వాత తేలింది. కుక్కలో నిజమైనది మనిషిలో నిజం కాలేదు. ఆ ఏడాది డెన్వర్‌లో ఐదుగురికి, బోస్టన్‌లో ఒకరికి, మరుసటి జనవరిలో పారిస్‌లో ఒకరికి కాలేయం మార్చారు. ఒక్కరూ నెల దాటలేదు.

ఎవరూ ఆదేశించకుండానే స్టార్జల్ ఆగిపోయారు. మిగతా చోట్లా ఆపేశారు. మూడేళ్లకు పైగా నడిచిన ఈ విరామం గురించి వీరగాథలు రాసేవాళ్లు ఒక వాక్యం రాసి దాటేస్తారు. నా లెక్కలో ఆయన జీవితంలో ముఖ్యమైన ఘట్టం అదే. మొదటి ముగ్గురి కథను ఆయన 1963 డిసెంబరులోనే వైద్య పత్రికలో వివరంగా ప్రచురించారు. గెలిచిన కేసులు చెప్పుకోవడం ఏ వృత్తిలోనైనా ఉన్నదే. ఓడినవి పూసగుచ్చినట్టు చెప్పడం అరుదు. తర్వాత మళ్లీ ప్రయోగశాలకు వెళ్లి, కొత్త అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా ఉండేందుకు గుర్రాల రక్తం నుంచి తయారుచేసిన సీరం మీద పనిచేశారు. కాలేయానికి పేగుల నుంచి వచ్చే రక్తమే ఎందుకు కావాలన్న తన పాత ప్రశ్ననూ వదల్లేదు. క్లోమం నుంచి నేరుగా కాలేయానికి చేరే ఇన్సులిన్ లేకపోతే కాలేయ కణాలు కుంచించుకుపోతాయని ఆ దారిలోనే తేలింది. సర్జన్ అన్న ఒక్క మాటలో ఈ మనిషి పట్టడనడానికి ఆ పని ఒక్కటే చాలు. 1967 జులైలో మళ్లీ మొదలుపెట్టినప్పుడు కాలేయ క్యాన్సర్ ఉన్న ఏడాదిన్నర పాప, మార్చిన కాలేయంతో ఏడాదికి పైగా బతికింది. చివరికి ఆ పాపను తీసుకుపోయింది తిరగబెట్టిన క్యాన్సరే.

ఇక్కడొక గట్టి ఆక్షేపణ ఉంది. కుక్కల్లో కూడా పూర్తిగా కుదరని పనిని చిన్నపిల్లల మీద చేయవచ్చా? కన్నవాళ్లు సరేనన్నారంటే, ఆ గదిలో ఆ క్షణాన వాళ్లకు వద్దనే శక్తి ఉందా? ఆ రోగులకు వేరే దారి లేదన్నది నిజమే. కానీ ఎలాగూ పోయే ప్రాణమని ఏ ప్రయోగానికైనా తలుపులు తెరవడం కుదరదు, ఆ వాదం ఎక్కడికైనా తీసుకెళ్తుంది. ఈ ఆక్షేపణ పూర్తిగా వీగిపోయేది కాదు. అందుకే ఆ విరామానికి అంత విలువ ఇస్తున్నాను. ఐదో మరణం తర్వాత ఆరో రోగిని పిలిచి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు. స్టార్జల్ కూడా తాను తేలిగ్గా నిద్రపోయానని చెప్పుకోలేదు. ప్రతి ఆపరేషన్‌కు ముందూ తనను భయం పట్టుకునేదని 1992లో అచ్చయిన ఆత్మకథ ‘ద పజిల్ పీపుల్’లో ఒప్పుకున్నారు.

రెండో ఆక్షేపణ కీర్తి వాటా గురించి. ఇదంతా కొత్త అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా ఆపే మందుల మహిమే కదా, సర్జన్ గొప్పేముంది అంటారు కొందరు. సగం నిజం. 1963 నుంచి 1979 చివరి దాకా డెన్వర్‌లో 170 మందికి కాలేయం మారిస్తే, ఏడాది దాటినవాళ్లు మూడోవంతు మాత్రమే. అన్నేళ్లు చేయి తిరిగినా లెక్క అక్కడే ఆగిపోయింది. దాన్ని కదిపింది నార్వే మట్టిలో దొరికిన ఒక బూజు నుంచి తీసిన సైక్లోస్పోరిన్. స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీ దాన్ని వెలికితీస్తే, కేంబ్రిడ్జ్‌లో రాయ్ కాన్ 1978లో రోగులకు మొదట వాడారు. అయితే ఎక్కువ మోతాదులో ఆ మందు ఒక్కటే ఇచ్చేసరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి, కొందరికి లింఫోమా అనే క్యాన్సర్ వచ్చింది. చాలామంది అక్కడే చేతులెత్తేసేవారు. కిడ్నీ మార్పిడిలో 1963 నాటికే అజథయోప్రిన్‌కు స్టెరాయిడ్ జతచేసి ఫలితం చూసిన స్టార్జల్, కొత్త మందునూ అలాగే వాడారు: మోతాదు తగ్గించి, పక్కన స్టెరాయిడ్ పెట్టి. 1980 మొదటి ఎనిమిది నెలల్లో అలా వైద్యం అందిన 12 మందిలో 11 మంది ఏడాది దాటారు. మూడేళ్లు తిరిగేసరికి, 1983లో, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు కాలేయ మార్పిడి ఇక ప్రయోగం కాదు, వైద్యమే అని ప్రకటించింది. తర్వాత జపాన్ మట్టిలో దొరికిన టాక్రోలిమస్‌ను 1989లో మొదట రోగులకు ఇచ్చిందీ, అప్పటికి ఆయన పనిచేస్తున్న పిట్స్‌బర్గ్‌లో ఆయన బృందమే. ఇవాళ మన ఊళ్లలో కాలేయం మార్పించుకున్న రోగి పొద్దునా సాయంత్రం వేసుకునే మాత్ర చాలావరకు అదే. 2012లో లాస్కర్ అవార్డును ఆయనకూ కాన్‌కూ కలిపి ఇవ్వడం న్యాయంగానే ఉంది.

అన్ని అడ్డంకులనూ దాటిన మనిషి ఒక్కదాని దగ్గర చిక్కుకుపోయారు. ఇచ్చేవాళ్లు లేకపోతే కాలేయం ఎక్కడి నుంచి తేవాలి? తొలిరోజుల్లో గుండె ఆగిన శరీరం నుంచే తీసుకోవాల్సి వచ్చేది, అప్పటికే కాలేయం చెడడం మొదలయ్యేది. 1968లో హార్వర్డ్ కమిటీ బ్రెయిన్ డెత్‌కు నిర్వచనం ఇచ్చాక దారి తెరుచుకుంది కానీ, కొరత తీరలేదు. 1992, 93ల్లో ఆయన బృందం ఇద్దరు రోగులకు బబూన్ కోతుల కాలేయాలు అమర్చింది. ఒకరు 70 రోజులు, మరొకరు 26 రోజులు బతికారు. అక్కడ కూడా ఆయన ఆగారు. బతికున్నవాళ్ల నుంచి అవయవం తీసుకోవడం మాత్రం ఆయనకు మింగుడుపడలేదు. కిడ్నీల విషయంలోనే 1970ల్లో ఆ పద్ధతి మానేశారు. రోగి కాని మనిషిని బల్ల ఎక్కించడానికి ఆయన మనసొప్పలేదు.

మన దేశంలో జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు. 1998లో ఢిల్లీలో మొదటిసారి విజయవంతమైన కాలేయ మార్పిడి ఇప్పుడు హైదరాబాద్‌లో పరిపాటి అయింది. అయినా దేశం మొత్తం మీద ఎక్కువ కాలేయాలు వస్తున్నది బతికున్న బంధువుల నుంచే: భర్త కోసం భార్య, తండ్రి కోసం కూతురు కడుపు కోయించుకుంటున్నారు. కోయగా మిగిలిన కాలేయం తిరిగి పెరుగుతుందన్న మాట నిజమే, ఆ కోతలో ఆరోగ్యవంతుల ప్రాణానికి కొద్దిపాటి ముప్పు ఉందన్నదీ అంతే నిజం. బ్రెయిన్ డెత్‌ను మన చట్టం 1994లోనే గుర్తించింది. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ అవయవదాన పథకం జీవన్‌దాన్ నడుస్తోంది. అక్కడ పేరు నమోదు చేసుకోవడం మంచిదే. కానీ ఆ రోజు వస్తే ఐసీయూ బయట డాక్టర్ అడిగేది మీ కార్డును కాదు, మీ ఇంట్లోవాళ్లను. మీ ఉద్దేశం ఏమిటో వాళ్లకు ఈ పూటే చెప్పి ఉంచండి.