విమానయానమున చర్మరక్షణ

భద్రాచలము, ఖమ్మము ప్రాంతములనుండి అమెరికాలోని బిడ్డలను చూడబోవు పెద్దలు, శంషాబాదున విమానమెక్కిన కొన్ని గంటలకే పెదవులు పగిలి చర్మము బిగిసెనందురు. దీనికి కారణమేమి? విమానము సుమారు 35,000 అడుగుల యెత్తున నెగురును. అచ్చటి యతిశీతలమైన గాలియందు తేమ మిక్కిలి స్వల్పము. ఆ గాలియే వెచ్చనై లోనికి వచ్చును గనుక, లోపలి తేమ తరచుగా నూటికి 20 పాళ్లకు తక్కువగా నుండును. అట్టి పొడిగాలి చర్మములోని నీటిని హరించును.

మన యడవిపట్టున చలికాలమున ఒంటికి ఇప్పనూనె రాచుట యెరిగినదే. ఆ యుపాయమే యిచ్చటను మేలు. ముఖము తడిపి, తడి యారకమునుపే కొబ్బరినూనెగాని వాజలీనుగాని పలుచగా రాయవలెను. నూనె తేమనీయదు, ఉన్న తేమను పోనీయదు. మాటిమాటికి సబ్బుతో కడుగరాదు. అప్పుడప్పుడు మంచినీరు త్రాగవలెను. చేతిసంచిలోని నూనెబుడ్డి 100 మిల్లీలీటర్లకు మించనిదై యుండవలెను.

బాలబాలికలారా! మీ యవ్వ ప్రయాణమగునాడు ఆ చిన్నబుడ్డిని మరువక సంచిలో నుంచుడు. ఆమె పగిలిన పెదవులతోగాక నగుమొగముతో మనుమల నెత్తుకొనును.