ఉప్పెన

కృష్ణానది సముద్రమును చేరుటకు ముందు పులిగడ్డ యొద్ద రెండు పాయలుగా చీలును. ఆ పాయల నడుమ, సముద్రపుటంచున ఉన్న పల్లపు భూమికి దివిసీమ యని పేరు. నది తెచ్చిన ఒండ్రుమట్టితో ఏర్పడిన నేల యగుటచే అచట వరి సమృద్ధిగా పండును. తీరము పొడవునను బెస్తపల్లెలు కలవు. నేల సారవంతమే కాని, సముద్రమట్టము కంటె ఏమంత ఎత్తైనది కాదు. ఆ సీమకు కలిమియు ముప్పును ఒక్కచోటినుండియే వచ్చుచున్నవి.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన బంగాళాఖాతమున పుట్టిన పెనుతుఫాను ఒకటి నిజాంపట్నము సమీపమున తీరమును దాటెను. దానితోపాటు సముద్రజలము సుమారు 5 మీటర్ల ఎత్తున నాగాయలంక, కోడూరు ప్రాంతముల మీదికి పొంగివచ్చెను. ఆ నీరు పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకొనిపోయెను. గుడిసెలు, పశువులు, పైరులు కొట్టుకొనిపోయినవి. సుమారు 10,000 మంది ప్రాణములు కోల్పోయిరి.

పదమూడేండ్లు గడచినవి. 1990వ సంవత్సరము మే 9వ తేదీన, బలమున దానికి తీసిపోని మరియొక తుఫాను కృష్ణా ముఖద్వారము చెంతనే తీరమును తాకెను. ఇండ్లు కూలినవి; తోటలు నేల కొరిగినవి. కాని ఈసారి మన రాష్ట్రమున మరణించినవారి సంఖ్య వేయికి లోపుననే నిలిచెను. సముద్రము అదియే, తీరము అదియే. మరి ఈ భేదమునకు కారణమేమి? దీనిని తెలిసికొనవలెనన్నచో ముందుగా తుఫాను స్వభావమును గ్రహింపవలెను.

సముద్రపు పైనీరు సుమారు 27 డిగ్రీల వరకు వేడెక్కినపుడు ఆవిరి విస్తారముగా పైకి లేచును. అది చల్లబడి మేఘముగా మారునపుడు తనలోని వేడిమిని విడిచిపెట్టును. ఆ వేడిమిచే గాలి తేలికపడి మరింత పైకి పోవును. క్రింద పీడనము తగ్గును. ఆ కొరతను పూరించుటకు నలుదెసలనుండి గాలి పరుగెత్తివచ్చును. భూమి తన చుట్టు తాను తిరుగుచుండుటచే ఆ గాలి తిన్నగా రాజాలదు. ఉత్తరార్ధగోళమున అది గడియారపు ముల్లునకు ఎదురు దిశలో సుడి తిరుగును. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్ అను పండితుడు 1848లో పాముచుట్టను తెలుపు గ్రీకు పదమునుండి దీనికి 'సైక్లోన్' అని పేరు పెట్టెను.

సుడి నడిబొడ్డున గాలి మందముగా నుండును. దీనినే తుఫాను కన్ను అందురు. కన్ను ఊరిమీదుగా పోవునపుడు గాలివాన ఒక్కసారిగా వెలిసినట్లు తోచును. ముప్పు తొలగినదని తలచి బయటికి వచ్చినవారు, కొంతసేపటికి ఎదురు దిక్కునుండి విరుచుకొనిపడు గాలికి చిక్కుదురు. కావున శాంతించినట్లు కన్పించు ఆ వేళయే మిక్కిలి అపాయకరము.

అయినను తుఫానులో ఎక్కువమందిని బలిగొనునది గాలి కాదు, నీరు. బలమైన గాలి గంటలకొలది సముద్రజలమును ఒడ్డువైపునకు నెట్టును. తీరము చెంత లోతు తక్కువైనచో ఆ నీటికి పోవు దారి లేక పైకి లేచి నేలమీదికి పొరలివచ్చును. ఇదియే ఉప్పెన. మన తీరమున తుఫాను నడచు దారికి కుడివైపున గాలి సముద్రమునుండి నేలవైపునకు వీచును గనుక ఉప్పెన ఆ వైపుననే ఉద్ధృతముగా నుండును. 1977లో దివిసీమ సరిగా ఆ కుడివైపుననే చిక్కుకొనెను.

ఇట్టి విపత్తులు క్రొత్తవి కావు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో మచిలీపట్నమునందును పరిసరములందును సుమారు 30,000 మంది మరణించిరి. అంతకు కొలది వారములకు పూర్వమే కలకత్తాయు ఒక తుఫానుకు గురియైనది. ఈ దుర్ఘటనల పిదప ఓడరేవులకు ముందుగా హెచ్చరికలు పంపు పద్ధతి మొదలయ్యెను. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడెను. నేడు కృత్రిమ ఉపగ్రహములు సముద్రమధ్యమున పుట్టుచున్న సుడిని కనిపెట్టుచున్నవి. విశాఖపట్నము, మచిలీపట్నములందలి రాడారులు దాని రాకను గమనించుచుండును. ఓడరేవులలో ఒకటి మొదలు పదునొకండు వరకు ప్రమాదసూచికలను ఎగురవేయుదురు. పదియవది మహాప్రమాదమును తెల్పును. పదునొకండవది హెచ్చరిక కేంద్రముతో సంబంధములే తెగిపోయినవని తెల్పును.

కాని హెచ్చరికను వినుట వేరు, దాని భావమును గ్రహించుట వేరు. 1977లో గాలివాన వచ్చునని వినిన పలువురు, సముద్రమే ఊరిమీదికి వచ్చునని తలంపలేదు. పశువులను, వలలను, ఇంటిని విడిచి పోవుటకు ఎవ్వరికి మనసొప్పును? ఆ అనుభవము వృథా పోలేదు. పిదప తీరగ్రామములలో ఎత్తైన స్తంభములపై గట్టి ఆశ్రయ భవనములు వెలసినవి. 1990లో తుఫాను తీరము చేరకముందే లక్షకు పైగా జనులను సురక్షిత స్థలములకు తరలించిరి. వేలకొలది ప్రాణములు నిలుచుటకు ఇదియే ముఖ్యకారణము.

ప్రకృతియు మనకు కొంత రక్షణ నొసగుచున్నది. కోరంగి యందును కృష్ణా ముఖద్వారమునందును బురదనేలలలో పెరుగు మడ అడవులు తమ చిక్కని వేళ్లతో అలల వేగమును తగ్గించును. సరుగుడు తోపులు గాలి తాకిడికి అడ్డుపడును. వంటచెరకునకో, చెరువులకో వీనిని నరికివేయుట ఊరికి కాపుగా నున్న గోడను పడగొట్టుటయే.

తుఫానును ఆపు శక్తి మానవునకు లేదు. అయినను అది పుట్టినచోటు, నడచు దారి తెలియుచున్నపుడు ప్రాణనష్టమును ఆపుట అసాధ్యము కాదు. హెచ్చరిక వినబడినంతనే పడవలను సముద్రములోనికి పోనీయరాదు. పశువుల పలుపులు విప్పవలెను. ముసలివారిని, పిల్లలను మొదట తరలింపవలెను. కన్ను దాటిపోవువరకును, అటుపిమ్మట వచ్చు గాలి తగ్గువరకును ఆశ్రయమును విడువరాదు. తీరగ్రామములలో ఇట్టి ఆశ్రయ భవనములు పెక్కు మామూలు దినములలో పాఠశాలలుగా ఉపయోగపడుచున్నవి. అచట చదువుకొను బాలబాలికలు ఈ విషయములను నేర్చి ఇంటివారికి తెలిపినచో, ఆపదవేళ ఆ ఇంటిల్లిపాదియు అదే కప్పు క్రిందికి సకాలమున చేరగలరు.