ధనుష్కోటిలో గుడారాలు ఎందుకు వేయలేదంటే

ధనుష్కోటి ఇసుకలో గుడారం వేసుకుని ఒక రాత్రి గడపాలని మన సంఘం కుర్రవాళ్లు రెండేళ్లుగా అడుగుతున్నారు. ఈ ఫిబ్రవరిలో రెండు వ్యాన్లలో అందరం వెళ్లి వచ్చాం. గుడారాలు మాత్రం అక్కడ వేయలేదు. ఎందుకో వివరంగా రాయమని సభ్యులు కొందరు కోరారు. వచ్చే ఏడాది వెళ్లదలచిన కుటుంబాలకూ పనికివస్తుందని రాస్తున్నాం.

శ్రీవిల్లిపుత్తూరు నుంచి శివకాశి, అరుప్పుక్కోట, పరమకుడి, రామనాథపురం మీదుగా రామేశ్వరం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. చీకటితో బయలుదేరితే ఎండ ముదరకముందే పాంబన్ చేరవచ్చు. 1988లో తెరిచిన రోడ్డు వంతెన మీద వెళుతుంటే పక్కనే 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైన కొత్త రైలు వంతెన కనబడుతుంది. ఓడ వచ్చినప్పుడు దానిలో 72.5 మీటర్ల భాగం లిఫ్టులాగా నిలువుగా పైకి లేస్తుంది. పిల్లలు కిటికీలకు అతుక్కుపోయారు గానీ, మేము వెళ్లిన వేళకు ఓడ ఏదీ రాలేదు.

పాంబన్ దీవికి తూర్పు కొస ధనుష్కోటి. సన్నని ఇసుక నాలుక. ఒక పక్క పాక్ సముద్రం, ఇంకో పక్క మన్నార్ సింధుశాఖ. నెమ్మదిగా ఉండేదాన్ని అక్కడి జాలర్లు పెణ్‌కడల్ అనీ, ఎగసిపడేదాన్ని ఆణ్‌కడల్ అనీ అంటారు. రెండూ కలిసే చోటు అరిచల్‌మునై. అక్కడ నీటి అడుగున లాగుడు ఎక్కువ. మోకాలి లోతు కూడా నమ్మదగినది కాదు. స్నానాలు రామేశ్వరం అగ్నితీర్థంలో చేసుకోవాలి.

1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుఫానులో సముద్రం ఈ ఇసుక నాలుక మీదుగా దాటిపోయింది. పరుగెత్తి ఎక్కడానికి మెట్ట అన్నది లేని నేల అది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలు, అందులోని వంద మందికి పైగా ప్రయాణికులతో కొట్టుకుపోయింది. అంతకుముందు అక్కడ స్టేషను, పోస్టాఫీసు, సింహళానికి స్టీమరు, అన్నీ ఉండేవి. తుఫాను తరువాత మద్రాసు ప్రభుత్వం అది నివాసానికి తగదని ప్రకటించింది. ఇప్పుడు మిగిలింది చర్చి గోడలు, స్టేషను శిథిలాలు, కొన్ని జాలరి గుడిసెలు.

మాతో వచ్చిన ఎనభై దాటిన అవ్వ ఒకరు అక్కడ చాలాసేపు నిలబడ్డారు. ఆ ఏడు వాళ్లింట్లో కాశీయాత్రకు ముందుగా సేతు ఇసుక తెచ్చుకోవాలని మూటలు కట్టుకున్నారట. ఆ ఇసుకను ప్రయాగలో కలిపి, గంగ తెచ్చి రామేశ్వరంలో అభిషేకం చేయించడం మన తెలుగు ఇళ్లలో పాత ఆనవాయితీ. తుఫాను వార్త విని ప్రయాణం మానుకున్నారు. తరువాత వాళ్ల నాయన పోయారు, కాశీ మాట మళ్లీ ఎత్తినవారు లేరు. ఇప్పుడామె గుప్పెడు ఇసుక కొంగున కట్టుకున్నారు.

2017లో అరిచల్‌మునై దాకా తారురోడ్డు పడ్డాక ఆ సంగతి చాలామంది మరిచిపోయారు. "పెదనాయనా, రోడ్డు ఉంది గదా, కార్లోనే పడుకుంటాం" అన్నాడు మనవాడొకడు. సాయంకాలానికి పోలీసులే అందరినీ వెనక్కి పంపుతారు. ఆ నియమం మంచిదేనని మా అభిప్రాయం. మన్నార్ సింధుశాఖలోని 21 దీవులూ 1986 నుంచి సముద్ర జాతీయ ఉద్యానం. అక్కడ రాత్రి బస ఆలోచనే వద్దు. పాంబన్ పక్కనున్న కుంతుకాల్ నుంచి అటవీశాఖ పడవలో కురుసడై దీవిని పగలు చూసి రావచ్చు. 1897లో వివేకానందులు విదేశాల నుంచి తిరిగి వచ్చి దిగింది ఆ కుంతుకాల్‌లోనే.

మేము గుడారాలు వేసింది తంగచ్చిమఠంలో ఒక కొబ్బరితోటలో, తోట యజమానిని ముందే అడిగి. కాయలున్న చెట్ల కింద కాకుండా ఖాళీ జాగాలో వేశాం. ఇసుక నేలలో మేకులు నిలవవు. సంచుల్లో ఇసుక నింపి తాళ్లు వాటికి కట్టాలి. గాలి రాత్రంతా కొడుతుంది, కాబట్టి కట్టెల పొయ్యి పెట్టలేదు. పులిహోర, పెరుగన్నం, ఊరి నుంచి తెచ్చిన పాల్కోవాతో సరిపోయింది. తాగునీళ్లు మనిషికి ఐదు లీటర్లైనా తీసుకెళ్లండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవన కాలం కనుక ఈ యాత్ర పెట్టుకోవద్దు. వచ్చే ఫిబ్రవరి యాత్రకు పేర్లు కార్తీక మాసం వనభోజనం రోజున రాసుకుంటాం. పెద్దవాళ్లకు తోటలో కాక రామేశ్వరం సత్రంలో గదులు చూస్తాం.