వార్తల్లో పదం: ఇనుప అతివాహకాలు

నిరోధమే లేకుండా విద్యుత్తు ప్రవహించడం అతివాహకత. అయస్కాంత గుణమున్న ఇనుము దానికి పడదనే చాలాకాలం అనుకున్నారు. 2008లో జపాన్‌లో హిదేవో హోసోనో బృందం ఇనుము, ఆర్సెనిక్ ఉన్న పదార్థంలో 26 కెల్విన్ల దగ్గర అతివాహకతను చూపింది. దాన్నే వాతావరణ పీడనానికి దాదాపు 40 వేల రెట్లు నొక్కితే 43 కెల్విన్లకు చేరింది! ఐరన్ సెలెనైడ్‌దైతే ఇంకా అబ్బురం: పీడనంతో 8 నుంచి సుమారు 37కు ఎగబాకింది.

కీలకం స్ఫటిక నిర్మాణంలో ఉంది. ఆర్సెనిక్ ఉన్న వాటిలో ప్రతి ఇనుప పరమాణువు చుట్టూ నాలుగు ఆర్సెనిక్ పరమాణువులు చతుర్ముఖిగా ఉంటాయి. వాటి మధ్య కోణం 109.5 డిగ్రీలకు దగ్గరైతే అతివాహకత సాధారణంగా బలపడుతుంది. పీడనం ఈ కోణాలను, దూరాలను మారుస్తుంది, అయస్కాంత క్రమాన్ని అణచేస్తుంది. మితిమీరితే మాత్రం ఫలం తగ్గుతుంది.

నెల్లూరు తీరానికి దక్షిణాన, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న కల్పాక్కం అణు పరిశోధన కేంద్రానికీ ఇందులో గర్వించదగ్గ చోటుంది. బేరియం, ఇనుము, ఆర్సెనిక్‌ల స్ఫటికంలో పీడనంతో అతివాహకత కలుగుతుందని అక్కడి శాస్త్రవేత్తలు 2009లో ప్రకటించారు.