దత్తమండలంలో రైతువారీ రూపకల్పన

ఒక సంస్థలో మార్పు రావాలంటే పై అధికారి ఉత్తర్వు ఒక్కటే చాలదు. ఆ ఉత్తర్వు క్రింది ఉద్యోగి చేతికి ఏ రూపంలో చేరుతుంది, అతడు ఏ పుస్తకంలో ఏమి వ్రాయాలి, అతడు వ్రాసినదానిని ఎవరు సరిచూడాలి అనే విషయాలను ముందుగానే ఆలోచించి ఏర్పరచుకోవాలి. ఈ ఏర్పాటునే రూపకల్పన అంటారు. భవనానికీ వస్త్రానికీ ఉన్నట్లే పనికి కూడా రూపకల్పన ఉంటుంది. రెండు శతాబ్దాల క్రిందట కడప, కర్నూలు సీమలలో జరిగిన భూమిశిస్తు ఏర్పాటు ఇందుకు మంచి ఉదాహరణ.

1800 అక్టోబరులో కుదిరిన సంధి ప్రకారం హైదరాబాదు నిజాం, మైసూరు యుద్ధాల వలన తనకు సంక్రమించిన ప్రాంతాలను సైన్యపు ఖర్చు నిమిత్తం ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలు సీమలో చాలా భాగం ఇందులో చేరాయి. కర్నూలు పట్టణం మాత్రం 1839 వరకు నవాబు ఏలుబడిలోనే ఉంది. ఇలా అప్పగించబడిన సీమకు దత్తమండలమని పేరు వచ్చింది. ఆ పేరు ఇక్కడివారికి రుచించలేదు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో ‘రాయలసీమ’ అనే పేరు స్థిరపడింది.

కంపెనీ పుట్టుకతో వర్తక సంస్థ. తక్కెడ, గిడ్డంగి, ఓడ దానికి అలవాటైన సాధనాలు. పొలం ఎవరిది, పంట ఎంత, పన్ను ఎంత అనే ప్రశ్నలకు సమాధానం గ్రామ కరణం కవిలెకట్టలో తప్ప దానివద్ద లేదు. పైగా దాదాపు ఎనభై మంది పాలెగాళ్ళు ఎవరి కోటలో వారు ప్రభువులుగా ఉన్నారు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో మొదట వారిని సైన్యంతో అణచివేశాడు. అతని కఠినత్వం లండనులోని డైరెక్టర్లకు సైతం నచ్చలేదు.

ఆ తరువాత 1802లో భూమి కొలత ఆరంభమైంది. అందుకు 33 అడుగుల గొలుసును ప్రమాణంగా తీసుకున్నారు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల చదరాలు నలభై కలిస్తే సరిగ్గా ఒక ఎకరం అవుతుంది. లెక్క తేలికగా ఉండటమే దీని గుణం. కొలిచేవారికి ఎకరానికింత అని కూలి కట్టారు. అందువలన పని వేగంగా సాగింది. అయితే వేగంలో తప్పులు దొర్లుతాయి గదా! కనుక ఆ కొలతలను తిరిగి చూచే తనిఖీదారులకు మాత్రం నెల జీతం ఏర్పాటు చేశారు. తొందరపడటం వలన వారికి లాభం లేదు. మనుష్య స్వభావాన్ని ఎరిగి చేసిన ఈ చిన్న ఏర్పాటు మన్రో యుద్ధాలకంటె ఎక్కువగా గమనింపదగినది.

కొలత ముగిసిన పొలాలను రెడ్డి, కరణం, రైతుల ఎదుట తరగతులుగా విభజించి శిస్తు నిర్ణయించారు. సాగుచేసే ప్రతి రైతుకూ అతని పొలాలు, చెల్లించవలసిన సొమ్ము తెలిపే పట్టా ఇచ్చారు. ప్రతి సంవత్సరం జమాబందీలో ఆ లెక్క తిరిగి చూడబడేది. ఊరికీ సర్కారుకూ నడుమ గుత్తదారు లేకుండా, రైతే నేరుగా సర్కారుకు జవాబుదారీ అయ్యాడు. దీనికే రైతువారీ పద్ధతి అని పేరు.

పద్ధతి చక్కనిదే, పన్ను మాత్రం బరువైనది. కొలత ఎంత సరిగ్గా ఉన్నా రేటు అధికమైతే రైతుకు మిగిలేది శూన్యం. మన్రో కూడా ఈ లోపాన్ని గుర్తించాడు. 1807లో సీమను విడిచి వెళ్ళేముందు శిస్తును నూటికి 25 వంతులు, బావుల క్రింది తోటభూములకు 33 వంతులు తగ్గించాలని వ్రాశాడు. ఆ సలహా అప్పుడు అమలు కాలేదు. అంతేకాక పద్ధతినే మార్చి, ఊరికి ఊరినే మొదట మూడేళ్ళకు, పిమ్మట పదేళ్ళకు గుత్తకు ఇచ్చారు.

ఈ మార్పు సర్కారు కచ్చేరీకి సుఖం. వేలాది రైతులకు బదులు ఊరికొక్కని పేరు వ్రాసుకుంటే చాలు. కాని ఇది వాననే నమ్ముకున్న మెట్టసీమ. ఒక ఏడు కొర్ర, జొన్న విరగపండితే మరొక ఏడు విత్తనం కూడా తిరిగి రాదు. గుత్త మొత్తం మాత్రం ఏటేటా చెల్లించక తప్పదు. గుత్తదారు రైతును పీడించాడు. తానూ చెల్లించలేక చితికిపోయాడు. ఎండలో పొలం చూడనివారు నీడలో చేసిన రూపకల్పన ఇది. చివరకు రైతువారీ పద్ధతినే పునరుద్ధరించవలసి వచ్చింది. 1820లో మద్రాసు గవర్నరైన మన్రో కాలంలో శిస్తు తగ్గింపు కూడా అమలుకు వచ్చింది.

అదే 1820లో సి.పి.బ్రౌన్ కలెక్టరుకు సహాయకుడుగా కడప చేరాడు. రైతుతో నేరుగా వ్యవహరించే పాలనకు రైతు భాష తెలిసిన ఉద్యోగి కావాలి. కచ్చేరీ పనికోసం నేర్చిన తెలుగు బ్రౌనును ఎంత దూరం నడిపించిందో సాహిత్య చరిత్ర చెబుతుంది.

మన్రో 1827 జులై 6న కర్నూలు సీమలోని పత్తికొండలో కలరా సోకి మరణించాడు. కడప ప్రాంతంలో చాలాకాలం బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. గ్రామ కరణాల పదవులు 1984లో రద్దయ్యాయి. పట్టా, అడంగలు అనే మాటలు మాత్రం రైతుల నోట నేటికీ వినబడుతున్నాయి.