గేట్ల మధ్య స్కీ పరుగు: చేతుల స్థితి, భద్రత - ఒక వివరణ

వ్యాససంగ్రహం:
ఆల్పైన్ స్కీ పోటీలలో క్రీడాకారుడు గేట్లను దాటేటప్పుడు చేతులు ఎక్కడ ఉండాలి అన్నది వేగానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. గేటు నిర్మాణంలో వచ్చిన మార్పు చేతుల పనిని ఎలా మార్చిందో, చేతుల స్థితికి మోకాలి గాయాలకు ఉన్న సంబంధమేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: స్కీయింగ్, స్లాలోమ్, గేటు, చేతుల స్థితి, మోకాలి గాయం, భద్రత.

1. ప్రవేశిక:
ఆల్పైన్ స్కీయింగ్‌లో గేట్లు అతి దగ్గరగా ఉండే పోటీ స్లాలోమ్. ఈ మాట నార్వే భాషకు చెందింది. అందులో మొదటి భాగం వాలును, రెండవది జాడను సూచిస్తాయి. ఎరుపు, నీలం రంగు గేట్లు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. అంతర్జాతీయ స్కీ సమాఖ్య నియమాల ప్రకారం మలుపు స్తంభాల మధ్య దూరం 6 మీటర్లకు తగ్గరాదు, 13 మీటర్లను మించరాదు. జెయింట్ స్లాలోమ్‌లో గేట్లు మరింత దూరంగా ఉంటాయి, వేగం పెరుగుతుంది. 2022 బీజింగ్ శీతకాల ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు, కశ్మీర్‌కు చెందిన ఆరిఫ్ ఖాన్ ఈ రెండు విభాగాలలోనే పోటీపడ్డాడు.

2. గేటు నిర్మాణం - చేతుల పని:
1970లలో గేట్లు మంచులో పాతిన వెదురు కర్రలు. అవి వంగవు. స్వీడన్ క్రీడాకారుడు ఇంగెమార్ స్టెన్‌మార్క్ ప్రపంచకప్‌లో సాధించిన 86 విజయాలలో చాలా భాగం ఆ కాలానికి చెందినవే. అప్పటి క్రీడాకారుడు తన దేహమంతటినీ కర్ర చుట్టూ తిప్పుకొనిపోవలసి వచ్చేది.

1980ల ఆరంభంలో అడుగున స్ప్రింగ్ కీలు గల స్తంభాలు వచ్చాయి. తాకితే నేలకు వంగి తిరిగి నిలబడటం వీటి స్వభావం. నియమం ప్రకారం రెండు స్కీల కొనలు, రెండు పాదాలు గేటు రేఖను దాటితే చాలు. కాబట్టి పాదాలు స్తంభానికి వెలుపల, మొండెం లోపల ఉండే మార్గం సాధ్యమైంది. ఈ మార్గం పొట్టిది, వేగవంతమైనది. కాని స్తంభం నేరుగా దేహానికి అడ్డువస్తుంది. దానిని తొలగించే బాధ్యత చేతులపై పడింది.

3. మూలస్థితి:
చేతులు దేహానికి ముందు, భుజాల కంటె కొంచెం ఎడంగా, మోచేతులు పక్కటెముకలకు అంటకుండా ఉండాలి. క్రీడాకారుడు ముందుకు చూస్తున్నప్పుడు రెండు చేతులూ చూపు పరిధిలో ఉండటం దీనికి సులభమైన గుర్తు. చేతులు ముందున్నప్పుడు దేహభారం పాదాల మధ్యభాగంపై నిలుస్తుంది. ఒక చేయి వెనుకకు జారితే అటువైపు భుజం, దానితో నడుము తిరుగుతాయి. భారం స్కీల వెనుక కొనలపైకి వెళ్తుంది.

4. వెలుపలి చేతితో స్తంభాన్ని తోయడం:
కుడివైపు మలుపులో స్తంభం కుడివైపున ఉంటుంది. దానిని ఎడమ చేయి, అంటే మలుపుకు వెలుపలి చేయి, దేహం ముందుగా వచ్చి తోస్తుంది. ఇక్కడ తరచు జరిగే పొరపాటు స్తంభం కోసం చేయి చాచడం. చేయి చాచినవాని మొండెం లోపలికి వాలి తిరుగుతుంది. వెలుపలి స్కీపై ఉండవలసిన ఒత్తిడి తగ్గుతుంది. పాదాల మార్గం సరిగా ఉంటే స్తంభమే చేతి దగ్గరకు వస్తుంది. తోసిన వెంటనే చేయి మళ్లీ ముందుస్థానానికి చేరాలి. స్తంభానికి దూరంగా వెళ్లే మార్గంలో లోపలి చేతితో తొలగించడం, లేదా అసలు తాకకుండా పోవడం మేలు.

5. మోకాలికి పొంచి ఉన్న ముప్పు:
అమెరికాలోని వెర్మాంట్‌లో ఎట్లింగర్, జాన్సన్, షీలీ అనే పరిశోధకులు సాధారణ స్కీయర్లలో మోకాలి ముందు క్రూసియేట్ స్నాయువు తెగిన సందర్భాలను పరిశీలించి, 1995లో ఒక ప్రమాదకర భంగిమను వివరించారు. పై వాలు వైపు చేయి వెనుకకు పోవడం, దేహం వెనుకకు తూలడం, తుంటి మోకాళ్ల కంటె దిగువకు రావడం అందులోని లక్షణాలు. వారు సూచించిన నివారణలో చేతులను ముందుకు తేవడం ఒకటి.

పోటీ క్రీడాకారుల విషయం కొంత భిన్నం. ప్రపంచకప్‌లో జరిగిన 20 గాయాల వీడియోలను పరిశీలించి 2011లో వెలువడిన అధ్యయనంలో సగం సందర్భాలు మరొక తీరువి. వెలుపలి స్కీ పట్టు తప్పుతుంది. పట్టు కోసం కాలు చాచగానే దాని లోపలి అంచు మంచులో హఠాత్తుగా చిక్కుకుంటుంది. మోకాలు లోపలికి మెలితిరుగుతుంది. చేతులే దీనికి కారణమని ఆ అధ్యయనం చెప్పిందని భావించరాదు. అయితే గేటు కోసం చేయి చాచడం వెలుపలి స్కీపై ఒత్తిడిని తగ్గిస్తుంది కనుక, ఆ పట్టు తప్పే స్థితికి అది దారితీయగలదని ఊహించడానికి ఆస్కారముంది.

6. చేయి, ముఖం - రక్షణ సాధనాలు:
వేగంగా వచ్చే చేతికి స్తంభం గట్టి దెబ్బ తగిలిస్తుంది. అందుకే స్లాలోమ్‌లో చేతికర్ర పిడికి వేళ్లను కప్పే కవచం, కాళ్లకు ముంగాలి కవచాలు, హెల్మెట్‌కు దవడ కడ్డీ అమరుస్తారు. జెయింట్ స్లాలోమ్‌లో ముంజేతి కవచాలు వాడతారు. పిడిని పట్టుకొనే చాచిన చేతిపై పడితే బొటనవేలి మొదటి కణుపు లోపలివైపు స్నాయువు దెబ్బతినవచ్చు. ఈ గాయానికి 'స్కీయర్ బొటనవేలు' అనే పేరే స్థిరపడింది.

7. శిక్షణ క్రమం:
బాలలకు మొదట మోకాలికి దిగువనే ఉండే పొట్టి గేట్లతో శిక్షణ ఇవ్వడంలోని ఔచిత్యం ఇక్కడ స్పష్టమవుతుంది. అక్కడ చేతితో తోయడానికి ఏమీ ఉండదు. పాదాల మార్గం, చేతుల మూలస్థితి అలవడుతాయి. ఆ తరువాతనే పూర్తి ఎత్తు స్తంభాలు వస్తాయి. ఈ క్రమం తప్పితే పిల్లవాడు మలుపు తిరగడం కంటె ముందు స్తంభాన్ని కొట్టడం నేర్చుకుంటాడు.

8. ముగింపు:
1. కీలు గల గేటు చేతులకు కొత్త పనిని కల్పించింది. ఆ పని పాదాల మార్గానికి లోబడినది.
2. చేతులు ముందుండటం వేగానికి, సమతౌల్యానికి, మోకాలి రక్షణకు ఉమ్మడి నియమం.
3. కవచాలు దెబ్బను ఆపుతాయి. తప్పు భంగిమ వలన మోకాలికి కలిగే మెలికను ఆపలేవు. అందువల్ల భద్రత సాధనాలతో కాక శిక్షణతో మొదలు కావాలి.